కుళాయి కింద అరగంట

మా బడిలో పిల్లలు ఆవిడకు పెట్టిన పేరు 'ఎందుకు మేడమ్'. సైన్సు చెప్పేది. ఎవరేం జవాబు చెప్పినా ముందు తలాడించి, తర్వాత కళ్ళద్దాల పైనుంచి చూస్తూ "ఎందుకు?" అనేది. జవాబు ఒప్పయినా తప్పయినా ఆ ప్రశ్న మాత్రం తప్పేది కాదు. తప్పు చెప్పినవాళ్ళకంటే ఒప్పు చెప్పినవాళ్ళే ఎక్కువ ఇరుకున పడేవాళ్ళు, వాళ్ళు బట్టీపట్టి వచ్చినవాళ్ళు కాబట్టి. ఆవిడ భర్త కరెంటు ఆఫీసులో లైన్‌మన్. ఒకసారి బడికి వచ్చినప్పుడు నాతో అన్నాడు, "మా ఇంట్లో పాలు పొంగితే పొయ్యి ఆపేవాళ్ళు ఉండరమ్మా. ఎందుకు పొంగాయో ముందు మా అమ్మాయి చెప్పాలి. అది చెప్పేలోపు సగం పాలు పొయ్యి మీదే."

నేను సోషల్ టీచర్ని. నా తరగతికీ ఆవిడ ల్యాబుకీ మధ్య ఒకటే గోడ. గోడకు పైన వెంటిలేటరు ఉండేది, దానికి అద్దం లేదు. నేనేదో రాజుల యుద్ధాల గురించి గొంతు చించుకుంటుంటే అవతల పిల్లలు పకపకా నవ్వేవాళ్ళు. నా పిల్లల చెవులన్నీ అటే. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత నేనూ ఒక చెవి అటు పడేసేదాన్ని.

ల్యాబు తెరిస్తే పని, మూసేముందు కడిగితే ఇంకా పని. అందుకే చాలా బళ్ళలో బోర్డు మీద పరికరం బొమ్మ గీసి, కింద బాణం గుర్తులు పెట్టి కానిచ్చేస్తారు. ఆవిడ అలా కానిచ్చేది కాదు. వారానికోసారి ప్రతి తరగతినీ ఆ నల్లరాతి బల్లల దగ్గర నిలబెట్టేది. సాయంత్రం అందరూ వెళ్ళాక చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, అటెండరుతో కలిసి గాజు గొట్టాలన్నీ తనే కడిగేది. "నేను కడిగితే ఏ గొట్టం ఎక్కడ చిట్లిందో నాకు తెలుస్తుంది" అనేది.

ఆ ల్యాబులో రక్షణ కళ్ళద్దాలు పిల్లలకు సరిపోయినన్ని లేవు, సగమే ఉండేవి. ఇద్దరిద్దరు జట్టుగా పనిచేసేవాళ్ళు. ప్రయోగం చేసే పిల్ల అద్దాలు పెట్టుకుంటుంది, చూసే పిల్ల ఒక అడుగు వెనక నిలబడుతుంది. అది ఆవిడ పెట్టిన పద్ధతి. ఏళ్ళ తరబడి ఆ పద్ధతితోనే గడిచిపోయింది, ఏమీ కాలేదు.

తొమ్మిదో తరగతిలో ఇద్దరు ఆడపిల్లలు ఉండేవాళ్ళు, విడిగా ఎప్పుడూ కనిపించేవాళ్ళు కాదు. ఒకతె తాటిచెట్టంత పొడుగు, ఇంకొకతె ఆమె భుజం దాకా కూడా రాదు. తరగతి అంతా వాళ్ళను నిచ్చెన, స్టూలు అనేది. వాళ్ళకూ ఆ పేర్లు నచ్చేశాయి. నిచ్చెన తండ్రి సిటీ బస్సు డ్రైవరు. స్టూలుకు అమ్మానాన్నలు లేరు, అమ్మమ్మ పెంచుతోంది. ఇద్దరిలో నిచ్చెన నెమ్మది, ఏదైనా రెండుసార్లు చూసి కానీ ముట్టుకోదు. స్టూలుకు చేతులు ఊరుకోవు.

ఆ రోజు ఆమ్లాలు, క్షారాల పాఠం. మధ్యాహ్నం భోజనాల తర్వాత మొదటి గంట. నేను బోర్డు మీద పటం గీస్తున్నాను. అవతల నుంచి ఎప్పటిలాగే మాటలు, గాజు గొట్టాల చప్పుడు. ఉన్నట్టుండి ఒక అరుపు. దాని వెనకే ఏదో పగిలిన శబ్దం. ఆ తర్వాత అరుపు ఆగలేదు.

నేను పరిగెత్తి వెళ్ళేసరికి పిల్లలందరూ గోడలకు అతుక్కుపోయి ఉన్నారు. నిచ్చెన రెండు చేతులూ మొహం మీద పెట్టుకుని నేల మీద మెలికలు తిరుగుతోంది. మేడమ్ అప్పటికే ఆ పిల్ల చంకల కింద చేతులు వేసి సింకు దగ్గరికి లాక్కెళుతోంది. ఆ పొడుగుపిల్లను ఆవిడ ఎలా లేపిందో ఇప్పటికీ నాకు తెలీదు.

జరిగింది ఇది. కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళ సీసా మూత బిగుసుకుపోయింది. స్టూలు దాన్ని గట్టిగా లాగింది. రాలేదు. సీసాను పొట్టకు అదుముకుని ఇంకా గట్టిగా లాగింది. మూత ఒక్కసారి ఊడింది, నీళ్ళు పైకి చిమ్మాయి. స్టూలు కళ్ళకు అద్దాలున్నాయి. ఒక అడుగు వెనక నిలబడాల్సిన నిచ్చెన, సాయం చేద్దామని ముందుకు వంగి ఉంది. నీళ్ళు దాని మొహాన పడ్డాయి. ఎడమ కంట్లో ఎక్కువ, కుడి కంట్లో కొంచెం.

మేడమ్ ఆ పిల్ల తలను కుళాయి కిందికి వంచి, రెండు వేళ్ళతో రెప్పలు విడదీసి పట్టుకుంది. నీళ్ళు కంట్లో పడగానే పిల్ల కేక వేసింది. తల వెనక్కి లాక్కుంటోంది, చేతులతో తోస్తోంది.

"దీని చేతులు పట్టుకో" అంది మేడమ్ నాతో. నేను పట్టుకున్నాను.

హెడ్మాస్టరు గారు రొప్పుతూ వచ్చారు. ఆయనకు బీపీ, మెట్లు ఎక్కకూడదు, అయినా ఎక్కి వచ్చారు. ఒక్క చూపు చూసి, "కారు గేటు దగ్గర పెట్టించాను మేడమ్, పదండి, ఆస్పత్రికి తీసుకెళ్దాం" అన్నారు.

"ఇంకా కడగాలి సార్."

"అక్కడ డాక్టర్లు కడుగుతారు. పిల్ల ఎలా అరుస్తోందో చూడండి."

"దారిలో ఎవరు కడుగుతారు సార్? ఇది ఆమ్లం కాదు, క్షారం. కంటి లోపలికి తినుకుంటూ పోతుంది. మనం కారులో కూర్చున్నంతసేపూ తింటూనే ఉంటుంది."

ఆయన దగ్గరికొచ్చి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేశారు. "నేను చెబుతున్నాను, వదలండి. ఏమన్నా అయితే నేను జవాబు చెప్పుకోవాలి."

మేడమ్ తల ఎత్తలేదు. "ఏమన్నా అయితే నేను చెప్పుకుంటాను. మీరు పెద్దాస్పత్రి కంటి డాక్టరుకు ఫోను చెయ్యండి. కాస్టిక్ సోడా పడిందని, కడుగుతున్నామని, వస్తున్నామని చెప్పండి. వాళ్ళు సిద్ధంగా ఉంటారు."

ఆయన అలాగే నిలబడ్డారు. ఆయనది చెడ్డ మనసేం కాదు. ఒక పిల్ల అలా గిలగిలా కొట్టుకుంటుంటే పట్టుకుని నీళ్ళ కింద అదమడం చూడలేకపోయారు. ఆ గదిలో ఎవరం చూడలేకపోయాం. తలుపు దగ్గర చేరిన టీచర్లు గుసగుసలాడుతున్నారు. ఎవరో పైకే అనేశారు, "మూర్ఖత్వం కాకపోతే ఏంటిది, పిల్లని చంపేసేట్టుంది" అని. నా చేతుల్లో ఆ పిల్ల మణికట్లు గుంజుకుంటున్నాయి. వదిలేద్దామా అని నాకూ అనిపించింది. ఇప్పటిదాకా కడిగింది చాలేమో. మేడమ్‌కూ భయం వేసి, ఏం చేయాలో తోచక ఇదే చేస్తోందేమో.

అప్పుడు ఆవిడ ఆ పిల్ల చెవి దగ్గర వంగి మాట్లాడటం మొదలుపెట్టింది. గొంతు పాఠం చెప్పే గొంతే.

"కాస్టిక్ సోడా వేళ్ళ మధ్య ఎలా ఉంటుందమ్మా? మొన్న చెప్పుకున్నాం."

పిల్ల ఏడుస్తూనే ఉంది.

"చెప్పు. ఎలా ఉంటుంది?"

"జా... జారుతూ."

"ఎందుకు జారుతుంది?"

"సబ్బులాగా... కొవ్వుని సబ్బు చేస్తుంది మేడమ్. మంటగా ఉంది మేడమ్, నా వల్ల కాదు మేడమ్."

"తెలుసు. కొవ్వుని సబ్బు చేస్తుంది. ఇప్పుడు నీ కంట్లో అదే పని చేద్దామని చూస్తోంది. మనం నీళ్ళు పోసి దాన్ని పలచన చేస్తున్నాం. పలచనైతే ఏమవుతుంది?"

"బలం... తగ్గుతుంది."

"కాబట్టి ఇప్పుడు వదిలేద్దామా, ఉందామా?"

ఆ పిల్ల ఏడుపు ఆపలేదు. కానీ నా చేతుల్లో ఆ గుంజులాట ఆగింది. "ఉందాం" అంది. తనే తల కొంచెం పక్కకి తిప్పి ఎడమ కన్నును నీళ్ళ కిందికి తెచ్చుకుంది.

హెడ్మాస్టరు గారు ఫోను చేయడానికి కిందికి దిగారు.

ఇంతలో కుళాయి దగ్గింది. రెండుసార్లు దగ్గి, ధార సన్నబడి, దారప్పోగంత అయింది. పైన ట్యాంకులో నీళ్ళు అయిపోయాయి. అటెండరు మోటారు వేయడానికి పరిగెత్తాడు. ఆ ట్యాంకు నిండి నీళ్ళు దిగేసరికి ఎంతసేపవుతుందో మా అందరికీ తెలుసు. మేడమ్ మొహం మొదటిసారి పాలిపోవడం చూశాను.

"మీ సీసాలు" అంది పిల్లల వైపు తిరిగి. "తాగే నీళ్ళ సీసాలు. పక్క తరగతులవాళ్ళవి కూడా. తెండి."

గోడలకు అతుక్కుపోయిన పిల్లలు ఒక్కసారి కదిలారు. తరగతుల్లోంచి, సంచుల్లోంచి సీసాలు రావడం మొదలైంది. వరండాలో వరసగా నిలబడి ఒకరి చేతిలోంచి ఒకరు అందించారు. మూతలు తీసి నేను పోస్తుంటే మేడమ్ రెప్పలు పట్టుకుంది. ఖాళీ సీసాలు మా కాళ్ళ చుట్టూ దొర్లుతున్నాయి. ఒకటి అయ్యేలోపు ఇంకొకటి. ఎక్కడా ధార తెగకూడదు. ఆరో తరగతి బుడతలు కూడా కిక్కురుమనకుండా అందిస్తున్నారు. ఎవరూ ఏమీ అడగలేదు.

కొంతసేపయ్యాక మేడమ్ గదంతా కళ్ళతోనే వెతికింది. ఒక మూల బల్ల కింద స్టూలు కూర్చుని ఉంది. మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని. అద్దాలు ఇంకా కళ్ళకే ఉన్నాయి.

"నువ్వు ఇటు రా. ఎర్ర లిట్మస్ కాగితం తే. నా చేతులు ఖాళీ లేవు."

ఆ పిల్ల కదల్లేదు.

"నీ స్నేహితురాలికి కావాలి. తే."

స్టూలు లేచింది. అలమారాలోంచి డబ్బా తీసింది. దాని చేతులు ఎంత వణుకుతున్నాయంటే కాగితాలు సగం నేల మీద పడ్డాయి.

"ఒకటి తీసుకుని కింది రెప్ప లోపల తడికి తాకించు. నెమ్మదిగా. గుడ్డుకి తగలకూడదు."

"నేనా మేడమ్?"

"నువ్వే."

స్టూలు ఊపిరి బిగబట్టి తాకించింది. తాకించేటప్పుడు మాత్రం చెయ్యి వణకలేదు. కాగితం అంచు నీలంగా మారింది.

"ఏంటి అర్థం?"

"ఇంకా ఉంది మేడమ్."

మళ్ళీ సీసాలు. మళ్ళీ కాగితం. మళ్ళీ నీలమే, కానీ లేతగా. కుళాయిలోకి నీళ్ళు తిరిగొచ్చాయి. మళ్ళీ తల కుళాయి కింద. గుమ్మం దగ్గర హెడ్మాస్టరు గారు చేతిలో కారు తాళాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఇప్పుడాయన కూడా ఆ కాగితాన్నే చూస్తున్నారు. స్టూలు ఇంకొకటి తాకించి, వెలుగులోకి పట్టుకుంది. అందరం చూశాం. ఎర్రగానే ఉంది. కొంచెంసేపు ఆగి మళ్ళీ తాకించమంది మేడమ్. అదీ ఎర్రగానే ఉంది.

"పదండి" అంది మేడమ్.

ఆస్పత్రిలో కంటి డాక్టరు నిచ్చెనను లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసుకుంది. మేము వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. మేడమ్ జాకెట్టు, చీర అన్నీ తడిసి ఒంటికి అంటుకున్నాయి. ముంజేతుల మీద గోళ్ళ గీతలు. నిచ్చెన తండ్రి, ఆ బస్సు డ్రైవరు, డ్యూటీ బట్టలతోనే వచ్చాడు. బస్సు డిపోలో వదిలేసి వచ్చాడట. వెనకాల ఆయన భార్య కొంగు నోట్లో కుక్కుకుని.

"ఎవరు చేశారు?" అన్నాడు.

"సీసా మూత ఊడి చిమ్మింది" అన్నాను నేను.

"ఊరికే ఊడుతుందా? ఎవరు లాగారు?"

"ల్యాబు నాదండి" అంది మేడమ్. "ఏం అడిగినా నన్ను అడగండి."

ఆయన ఆవిడ వైపు తిరిగాడు. "నా కూతురు అరుస్తుంటే అరగంటసేపు తల పట్టుకుని నీళ్ళలో ముంచారట. కారు పెట్టినా ఎక్కించనివ్వలేదట. నిజమేనా?"

"నిజమే."

"ఎందుకండి? నా పిల్ల మీకేం చేసింది?"

ఆవిడ చెప్పబోయింది. ఆయన వినలేదు. చెయ్యి పైకెత్తాడు. కొడతాడేమోనని నేను లేచి నిలబడ్డాను. ఆ చెయ్యి గోడకు తగిలింది, తర్వాత ఆయన గోడకే మొహం ఆనించి నిలబడిపోయాడు. డాక్టరు బయటికి వచ్చింది. కుడి కన్ను బాగానే ఉంటుందని, ఎడమ కన్ను గురించి కట్లు విప్పేదాకా ఏమీ చెప్పలేనని చెప్పింది. రెండు కళ్ళకూ కట్లు కట్టారు.

పై ఆఫీసు నుంచి విచారణకు ఇద్దరు వస్తున్నారని కబురొచ్చింది. ముందురోజు హెడ్మాస్టరు గారు మేడమ్‌ను తన గదికి పిలిచారు. నన్నూ రమ్మన్నారు, నేను చూసినదాన్ని కాబట్టి.

"మేడమ్ గారూ, మీ సర్వీసు మీద ఒక్క మచ్చ లేదు. దాన్ని కాపాడుకోవాలి, బడినీ కాపాడుకోవాలి" అన్నారు. "లాగొద్దని చెప్పినా ఆ పొట్టిపిల్ల లాగిందని చెప్పండి. అబద్ధమేం కాదుగా. లాగింది ఆ పిల్లేగా."

"లాగొద్దని నేను చెప్పలేదు సార్."

"చెప్పానంటే కాదనేదెవరు?"

"ఆ పిల్ల."

"అది భయంతో నోరు విప్పదు."

"అందుకేగా సార్, చెప్పకూడదు."

ఆయన కాసేపు బల్ల మీది గాజు పేపర్‌వెయిట్‌ను అటూ ఇటూ తిప్పారు. "మీ ఇష్టం. తర్వాత నన్ననుకోవద్దు."

మర్నాడు విచారణలో ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది. కాస్టిక్ సోడాకు గాజు మూత పెట్టకూడదు, బిగుసుకుపోతుంది. రబ్బరు బిరడా పెట్టాలి. ఆ సంగతి తనకు తెలుసు. పాత సీసాలు కదా అని నెట్టుకొచ్చింది. కళ్ళద్దాలు సగమే ఉన్నప్పుడు పిల్లల్లో సగంమందినే ల్యాబులోకి పంపాలి. అలా చేస్తే పాఠం సగమే అవుతుందని అందరినీ ఒకేసారి నిలబెట్టింది. పిల్లల తప్పు ఇందులో లేదు. వచ్చినవాళ్ళలో పెద్దాయన ఒకసారి ఆగి, "మీరు చెప్పేది మీకే చుట్టుకుంటుంది, ఆలోచించుకున్నారా?" అన్నాడు. ఆలోచించుకునే వచ్చానంది.

చుట్టుకుంది. ల్యాబుకు తాళం పడింది. ఆవిడను చిన్న తరగతులకు మార్చారు, ఆరో తరగతి దాటి చెప్పకూడదన్నారు. పిల్ల కుటుంబాన్ని కలవొద్దని హెడ్మాస్టరు గారు నోటిమాటగా చెప్పారు. స్టాఫ్ రూములో ఆవిడ పక్క కుర్చీ ఖాళీగా ఉండటం మొదలైంది. నిజం చెప్పినందుకు కొందరికి కోపం. వాళ్ళ ల్యాబులు, వాళ్ళ ఆటస్థలాలు, వాళ్ళ పాత సామాన్లు గుర్తొచ్చాయి మరి.

అప్పటికి స్టూలు బడికి రావడం మానేసి చాలా రోజులైంది. ఒక సాయంత్రం మేడమ్ నన్ను తోడు రమ్మంది. మందుల షాపు పైన ఒక గది, బయట ఇనుప మెట్లు. అమ్మమ్మ తలుపు తీసింది.

"తినదు, పడుకోదు టీచరమ్మా. ఏ డబ్బా మూతా ముట్టుకోదు. కొబ్బరినూనె సీసా మూత కూడా నేనే తియ్యాలి. ఏమన్నా అంటే ఏడుస్తుంది" అంది.

పిల్ల తలుపు వెనక నిలబడి ఉంది. మేడమ్‌ను చూసి గోడ వైపు తిరిగింది. "నేనే తన కన్ను పోగొట్టాను" అంది గోడతో.

నేను ఓదార్పు మాటలేవో వెతుక్కుంటున్నాను. మేడమ్ సంచీలోంచి ఒక సీసా తీసి చాప మీద పెట్టింది. ల్యాబు సీసాల్లోదే, తాళం పడకముందే తెచ్చి ఉంచుకున్నది. ఖాళీ చేసి కడిగింది.

"లాగమనట్లేదు. దగ్గరికొచ్చి సీసా మెడ చూడు. అంతే."

పిల్ల చాలాసేపటికి వచ్చి కూర్చుంది.

"మూత చుట్టూ ఏముంది?"

"తెల్లగా ఏదో. పొలుసులాగా."

"లోపల నీళ్ళే కదా పోశాం. పొలుసు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

పిల్ల సీసాను ముట్టుకోకుండా తలను అటూ ఇటూ వంచి చూసింది. "మెడ గరుకుగా ఉంది మేడమ్. కింద నున్నగా ఉంది."

"ఎందుకు?"

కింద షాపులో షట్టరు దింపుతున్న చప్పుడు. అమ్మమ్మ వంటింటి గుమ్మంలో కదలకుండా నిలబడింది.

"గాజుని కూడా తింటుందా మేడమ్?"

"కొంచెం కొంచెంగా. మెడనూ మూతనూ కలిపి అతికించేస్తుంది."

"అయితే దీనికి గాజు మూత పెట్టకూడదుగా."

"పెట్టకూడదు."

"మరి ఎవరు పెట్టారు?"

"నేను" అంది మేడమ్.

పిల్ల తలెత్తి ఆవిడ కళ్ళలోకి చూసింది. పెద్దవాళ్ళు అలా చెప్పగా ఎప్పుడూ విననట్టు చూసింది. మేడమ్ చూపు తిప్పుకోలేదు.

"తెలియనివాళ్ళు లాగుతారమ్మా. లాగడం తప్పు కాదు. తెలిసినవాళ్ళు చూసుకోవాలి. నేను చూసుకోలేదు. నీ వాటా ఏంటంటే, మూత బిగుసుకుంటే నన్ను పిలవాలి. ఇకమీద పిలుస్తావు. అంతే నీ వాటా. నా వాటా కూడా కలిపి నువ్వు మోయక్కర్లేదు."

అప్పుడు ఏడ్చింది పిల్ల, అమ్మమ్మ ఒళ్ళో పడి, గట్టిగా. మేడమ్ లేచి సీసా సంచీలో పెట్టుకుంది. మెట్లు దిగుతుంటే కమ్మీ పట్టుకుని ఆగిపోయింది.

ఆ తర్వాతి వారం స్టూలు బడికి వచ్చింది.

నిచ్చెన ఇంటికి వెళ్ళడం మాత్రం అంత తేలిక కాలేదు. వద్దన్నా ఆవిడ వెళ్ళింది. మొదటిసారి డ్రైవరు గుమ్మంలోంచే వెనక్కి పంపేశాడు. రెండోసారి తలుపే తీయలేదు. మూడోసారి నేనూ ఉన్నాను. ఆయన గడప మీద అడ్డంగా నిలబడ్డాడు.

"చదువులు వద్దు మాకు. కన్ను మిగిలితే చాలు. మీరు వెళ్ళండి."

"వెళ్తానండి. ఒక్కసారి పిల్లను పలకరించి వెళ్తాను."

"పలకరించి ఏం చేస్తారు? మళ్ళీ నీళ్ళలో ముంచుతారా?"

లోపలి గదిలోంచి గొంతు వినిపించింది. "నాన్నా, మేడమ్‌ని రానీ. నాకు తోచట్లేదు నాన్నా. పొద్దున లేచిన దగ్గర్నుంచీ చీకటే."

ఆయన లోపలికి ఒకసారి చూశాడు. తర్వాత పక్కకు జరిగాడు, అంతే. రమ్మనలేదు.

ఆ రోజు నుంచీ రోజూ సాయంత్రం వెళ్ళింది ఆవిడ. సైన్సు ఒక్కటే కాదు, అన్ని పాఠాలూ. నా సోషల్ పాఠాలు నా దగ్గర నేర్చుకుని మరీ వెళ్ళేది, నన్ను కూడా 'ఎందుకు' అని చంపి. కట్లున్న పిల్లకు చదివి వినిపించేది తక్కువ, అడిగేది ఎక్కువ. బొమ్మలు గీసేచోట ఆ పిల్ల అరచేతిలో వేలితో గీసేది. స్టూలును వెంటబెట్టుకెళ్ళిన రోజు నేను లేను. ఇద్దరూ మొదట ఒక్క మాటా మాట్లాడుకోలేదని, కాసేపటికి నిచ్చెన చెయ్యి చాపి, "పొట్టిదానా, కొంచెమైనా పొడుగయ్యావా?" అని తల తడిమి చూసిందని మేడమ్ చెప్పింది.

డ్రైవరు ఎప్పుడూ పక్కగదిలోనే ఉండేవాడు. మాట్లాడేవాడు కాదు. ఒక రోజు ఆవిడ వెళ్ళబోతుంటే చెప్పులు వేసుకుని వీధి చివరిదాకా వచ్చాడు.

"ఆస్పత్రి ఎంతో దూరం లేదు. నేనైతే పది నిమిషాల్లో చేర్చేవాణ్ణి. అయినా మీరు ఆపారు. ఎందుకో ఇప్పుడు చెప్పండి, వింటాను."

ఆవిడ చెప్పింది. కాగితం నీలంగా మారిన ప్రతిసారీ కంట్లో ఏం జరుగుతోందో చెప్పింది. ఆయన మధ్యలో ఆపకుండా విన్నాడు.

"మీకు తెలుసా, కన్ను నిలుస్తుందని?"

"తెలీదండి. ఇప్పటికీ తెలీదు."

ఆయన తలాడించి వెనక్కి వెళ్ళిపోయాడు.

కట్లు విప్పిన రోజు ఆవిడ ఆస్పత్రి లోపలికి రాలేదు. గేటు బయట టీ బండి దగ్గర నిలబడింది. నేను లోపలికి వెళ్ళాను. కుడి కన్ను శుభ్రంగా ఉంది. ఎడమ కంటి మీద ఒక పక్కన పాలపొరలాంటి మచ్చ. పెద్ద అక్షరాలు చదవగలిగింది, చిన్నవి మసకమసకగా. కొంత మెరుగవుతుందని, పూర్తిగా కాదని డాక్టరు చెప్పింది. తర్వాత తండ్రి వైపు చూసి, "ఇలాంటి కేసుల్లో కన్ను తెల్లగా అయిపోయి వస్తారండి. అక్కడే కడిగినవాళ్ళెవరో కానీ..." అని వాక్యం పూర్తి చేయకుండా మందులు రాయడంలో పడింది. డ్రైవరు కిందికి చూస్తూ కూర్చున్నాడు. నేను బయటికొచ్చి చెప్పాను. "మసక" అని ఆవిడ ఒకసారి తనలో తను అనుకుంది. ఆ మసక ఆవిడను ఎన్నాళ్ళో వదల్లేదు.

మరుసటి ఏడాది బడి తెరిచాక కూడా ల్యాబుకు తాళమే. ఒక పొద్దున డ్రైవరు ఇంకొందరు తల్లిదండ్రులతో హెడ్మాస్టరు గారి గదికి వచ్చాడు. మళ్ళీ గొడవేమోనని మేమందరం వరండాలో పోగయ్యాం.

"ల్యాబు తెరవండి సార్. ఎంతమంది పిల్లలుంటే అన్ని కళ్ళద్దాలు పెట్టండి. మూతలు మార్చండి. పదో తరగతికి ఆ మేడమే చెప్పాలి" అన్నాడు.

"ఇంత జరిగాక మీరేనా అడుగుతోంది?" అన్నారు హెడ్మాస్టరు గారు.

"ఇంత జరిగింది కాబట్టే అడుగుతున్నాను. తప్పు నాదని చెప్పిన మనిషి ఈ బడిలో నాకు ఒక్కరే కనిపించారు. నా పిల్లను అలాంటివాళ్ళ దగ్గరే పెడతాను."

నెల తిరక్కుండానే తాళం తీశారు. మొదటి ప్రయోగం రోజు నిచ్చెన గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. గంటసేపూ అక్కడే నిలబడింది. మేడమ్ పిలవలేదు. లోపలివాళ్ళకు చెప్పే పాఠం గుమ్మానికి కూడా వినబడేలా చెప్పింది. రెండోసారి ఒక బల్ల దాటి వచ్చింది. ఎప్పుడు తన బల్ల దగ్గరికి చేరిందో నేను చూడలేదు. వెంటిలేటరులోంచి ఒక రోజు ఆ పిల్ల గొంతు, "నువ్వు జరుగు, నేను చేస్తా" అని స్టూలును కసురుతూ వినిపించింది.

ఏడాది చివర ప్రాక్టికల్ పరీక్షకు బయటి బడి నుంచి పరీక్షకుడు వచ్చాడు. చీటీలో నిచ్చెనకు క్షారాల ప్రయోగమే వచ్చింది. ఎడమ కన్ను చూసి ఆయన, "ఇది వద్దులేమ్మా, వేరేది ఇస్తాను" అన్నాడట. ఇదే చేస్తానందట. సొంత టీచరు లోపల ఉండకూడదు కాబట్టి మేడమ్ వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూనే ఉంది. నేను పక్కన నడవలేక స్తంభానికి ఆనుకున్నాను. లోపల ఏదో గాజు వస్తువు బల్లకు తగిలి టంగుమంది. ఆవిడ ఉన్నచోటే ఆగిపోయింది. ఆ తర్వాత ఏ చప్పుడూ రాలేదు. పిల్లలు ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు, నిచ్చెన రాదు.

అందరికంటే చివర వచ్చింది. నుదుటి మీద కళ్ళద్దాలు ఒత్తుకుపోయిన గీత. పరీక్ష ఎలా రాశావని ఆవిడ అడగలేదు. ఆ పిల్లా చెప్పలేదు.

"పొద్దున్నుంచీ ఏమీ తినలేదు మేడమ్, భయంతో. ఆకలి దంచేస్తోంది" అంది.

"నేనూ తినలేదు" అంది మేడమ్. "స్టూలును కూడా పిలు, పద."

ముగ్గురూ గేటు దాటి ఎదురుగా ఉన్న బన్నుల షాపు వైపు నడిచారు.